అత్త కోసిన గ్యాస్కెట్

ఇంజన్‌లో ఈల ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. నాకంటే ముందు దాన్ని విన్నది సిరుగుప్ప రోడ్డులోని ఒక రైస్ మిల్లు హమాలీ. బస్తాలు ఎక్కించి దిగి, చేతులు దులుపుకుంటూ, "అన్నా, బండి ఈల వేస్తాండాది, ఎవురికన్నా సూపిచ్చు" అన్నాడు. సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా సరేనంటుండేవాణ్ణి. అన్నాక ఆ మాట ఎటు పోయేదో నాకు తెలిసేది కాదు.

నా భార్య పోయి అప్పటికి ఒక పంటకాలం గడిచింది. జ్వరమని మొదలై, కామెర్లలోకి దిగి, మేం ఆస్పత్రి మెట్లెక్కడం అలవాటు చేసుకునే లోపలే అయిపోయింది. మాకు పిల్లలు లేరు. మా ఇల్లు సంగనకల్లు దగ్గర, బళ్ళారికి ఆనుకుని ఉంటుంది. ముందు గదిలో ఆమె జాకెట్లు కుట్టేది. నేను పికప్‌లో వడ్లు, మిరపకాయలు, ఎరువులు, ఏది దొరికితే అది తోలేవాణ్ణి. ఆమె పోయాక కూడా తోలుతూనే ఉన్నాను. పొద్దున లేచి బండి తీయడం, సాయంత్రం తెచ్చి నిలపడం. మధ్యలో ఏ ఊరికి పోయానని అడిగితే ఒక్కోసారి ఆలోచించుకుని చెప్పాల్సి వచ్చేది.

మా అక్క వచ్చి కొన్నాళ్ళు ఉంది. పోయే ముందు ముందు గదంతా సర్దింది. కుట్టకుండా మిగిలిన గుడ్డలు ఎవరివి వాళ్ళకు తిరిగిచ్చేసింది. నా భార్య చీరలు ఒక ట్రంకుపెట్టెలో పెట్టింది. "మిషను, పెట్టె, వాళ్ళమ్మ ఇచ్చిన రుబ్బురోలు, అన్నీ వాళ్ళింటికి చేర్చి రా. కండ్ల ముందర పెట్టుకోని ఎన్ని దినాలు కూచుంటావు" అంది. దానికీ సరేనన్నాను.

అత్తామామలది కెంచనగుడ్డ, సిరుగుప్ప దాటాక తుంగభద్ర ఒడ్డున. నా భార్య వాళ్ళకు ఒక్కతే కూతురు. కర్మకాండ అయ్యాక నేను వాళ్ళింటికి పోలేదు, వాళ్ళూ రాలేదు. కోపం ఏమీ లేదు. ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియక, ముందు వానల గురించి, తర్వాత కాలువ నీళ్ళ గురించి అడిగి పెట్టేసేవాళ్ళం. తర్వాత ఆ ఫోన్లు కూడా తగ్గిపోయాయి.

ఒక పొద్దున పక్కింటి వాళ్ళ సాయంతో సామాను ఎక్కించి, పైన పట్ట కప్పి, తాడు కట్టి బయల్దేరాను. బండిలో బరువేమీ లేదు. అయినా సిరుగుప్ప రాకముందే బండి లాగడం తగ్గింది. యాక్సిలేటర్ తొక్కేకొద్దీ ఈల పెరుగుతోంది, వేగం మాత్రం పెరగడం లేదు. వెనక నల్లటి పొగ. ఒక బైకు అతను పక్కకు వచ్చి ముక్కు మూసుకుని చెయ్యి ఊపి పోయాడు. ఊరు దాటాక కాలువ వంతెన ఎక్కడానికి మొదటి గేరు వేయాల్సి వచ్చింది. వెనక ఆటోలు హారన్ కొడుతున్నాయి. మామూలుగా అయితే చెమటలు పట్టేవి. ఆ రోజు అద్దంలో ఆ ఆటోలను చూస్తూ నింపాదిగా ఎక్కించాను. బండి అక్కడే ఆగిపోయినా నాకేమీ అనిపించేది కాదేమో.

మామ వీధి మొదట్లోనే నిలబడి ఉన్నాడు. బండి శబ్దం విని బయటికొచ్చాడట. ఆయన గనులు జోరుగా నడిచిన కాలంలో ఖనిజం లారీ తోలినవాడు. ఇప్పుడు నదిపక్క ఉన్న కొంచెం మడిలో వరి వేసుకుంటాడు. నన్ను చూశాడు. వెనక పట్ట కింద ఉన్న సామాను వైపు చూడలేదు. నేరుగా ముందుకొచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టాడు.

"ఆపద్దు. అట్లే ఉండనీ" అన్నాడు. తల వంచి విన్నాడు. "ఎన్నాళ్ళ నుంచప్పా ఇది?"

"తెలీదు మామా."

ఆయన బానెట్ ఎత్తాడు.

అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. చిక్కిపోయింది. నేను కూడా ఆమెకు అలాగే కనిపించి ఉంటాను. బాగున్నావా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. మామ ఆమెతో సబ్బునీళ్ళు కలుపుకు రమ్మన్నాడు. ఆమె లోపలికి పోయి, గిన్నెలో బట్టల సబ్బు నురగ చేసి తెచ్చింది. మామ ఒక గుడ్డను అందులో ముంచి, ఇంజన్ పక్కన అతుకుల మీద ఒక్కో చోటే పిండుతూ, నన్ను లోపల కూర్చుని యాక్సిలేటర్ తొక్కమన్నాడు. కాసేపటికి చెయ్యి ఎత్తాడు. దిగి చూశాను. ఇంజన్‌లోకి గాలిని పంచే అల్యూమినియం గొట్టం ఉంటుంది, మానిఫోల్డ్ అంటారు. అది ఇంజన్‌కు అతుక్కునే చోట, వెనక మూలన, సబ్బు బుడగలు ఉబ్బి ఉబ్బి పగులుతున్నాయి. ఆ రెంటికీ మధ్య గాలి చొరకుండా పల్చని అట్టలాంటి గ్యాస్కెట్ పెడతారు. అది పోయింది.

"లోపలికి పోవాల్సిన గాలి బయటికి పోతాండాది. గాలి సాలక డీజిల్ సరింగా కాలదు. పొగ అందుకే" అన్నాడు మామ. ఆ మాటలు ఎవరికో చెబుతున్నట్టు ఇంజన్‌కే చెప్పాడు. తర్వాత, "వేడి ఉండాది. ఆరనీ. అంతలోపల అన్నం తిందాం" అన్నాడు.

వరండాలో కూర్చున్నాం. అత్త అన్నం, పుంటికూర పప్పు వడ్డించింది. నేను కలుపుకుని తిన్నాను. సగం తినేసరికి మామ రెండో ముద్ద దగ్గర ఆగి, "ఉప్పు లేదు కదే" అన్నాడు మెల్లగా. అత్త నా కంచం వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. లోపలికి పోయి ఉప్పు డబ్బా తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టింది. నేను కొంచెం వేసుకున్నాను. వేసుకున్నాక కూడా తేడా తెలియలేదు. కానీ తెలిసినట్టు తల ఊపాను.

ఇంజన్ ఆరాక పని మొదలుపెట్టాం. మామకు దగ్గర చూపు తగ్గింది, కంటికి పొర వచ్చిందట. ఆపరేషన్ చేయించుకోమని నా భార్య చెబుతూనే ఉండేది. కాబట్టి ఆయన చేత్తో తడిమి చెబుతుంటే నేను విప్పాను. ముందు గాలి గొట్టం, దాని క్లిప్పులు. తర్వాత వైర్ల ప్లగ్గులు. ఏ ప్లగ్గు ఎక్కడిదో మరిచిపోకుండా ఫోన్‌లో ఫోటో తీద్దామని తెరిస్తే, తెర మీద ఆమె పంపిన చివరి మెసేజ్ ఉంది. వచ్చేటప్పుడు నల్ల దారం తెమ్మని. ఎన్నోసార్లు చూసిందే. కెమెరా నొక్కి ఫోటో తీసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

బోల్టులు బయటి నుంచి మధ్యకు కొంచెం కొంచెంగా వదులు చేయమన్నాడు మామ. ఒక వైపే ముందు వదిలేస్తే గొట్టం వంకరపోతుందట. వెనక మూలన ఉన్న బోల్టు కంటికి కనబడదు, చెయ్యి దూరదు. అది తుప్పు పట్టి కదలలేదు. బలం పెట్టబోతే మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"బిడప్పా, బలం పెట్టద్దు. విరిగిందంటే లోపల ఇరుక్కుంటాది. స్వల్ప డీజిల్ పోసి వదిలెయ్యి. అదే వస్తాది."

డీజిల్ పోసి వేచి ఉన్నాం. చాలాసేపు బండి నీడలో పక్కపక్కన గొంతుకూర్చుని ఉన్నాం. ఆయన చెయ్యి నా మణికట్టు మీద నుంచి తీయడం మరిచిపోయాడు. నేనూ లాక్కోలేదు. ఎదురింటామె గేదెను తోలుకుపోతూ మమ్మల్ని చూసి, ఏదో అడగబోయి, బండి వెనక తాళ్ళు కట్టిన సామాను చూసి, గేదెను అదిలించుకుంటూ పోయింది.

బోల్టు వచ్చింది. మానిఫోల్డ్ లాగి గోనెసంచి మీద పెట్టాం. ఇంజన్ వైపు తెరుచుకున్న కంతల్లో దుమ్ము పడకుండా అత్త ఇచ్చిన పాత పంచె గుడ్డ కుక్కాం. గ్యాస్కెట్ వెనక రెండు కంతల మధ్య చినిగి, నూనె మసి పట్టి, వేలితో ముట్టుకుంటే పొరలుగా రాలిపోయింది. నేను బ్లేడుతో పాతదాన్ని గీకి, డీజిల్ గుడ్డతో తుడిచాను. ఆ పని నాకు హాయిగా ఉండింది. కంటి ముందు ఒక మరక, గీకితే పోతోంది. అది తప్ప ఆ గంటలో నా తలలో ఇంకేమీ లేదు.

కొత్త గ్యాస్కెట్ కోసం సిరుగుప్పలో తెలిసిన స్పేర్ పార్ట్స్ అంగడికి ఫోన్ చేశాను. ఈ మోడల్‌ది లేదన్నాడు. బళ్ళారి నుంచి తెప్పించాలి, రేపు మధ్యాహ్నం బస్సులో వస్తుందన్నాడు. అత్త ఆ మాట వింది.

"ఉండి పో నాయనా. ఒక్క రాత్రే కదా. గది ఖాళీగానే ఉండాది" అంది.

గది అంటే నేనూ నా భార్యా వచ్చినప్పుడల్లా పడుకునేది. నేను తల ఎత్తలేదు. గీకిన చోటే మళ్ళీ బ్లేడుతో గీకాను. సరేననడం ఆ ఒక్కసారి నోటికి రాలేదు. మామ నన్ను చూశాడు. లేచి, కొట్టంలోకి పోయి, లారీ కాలం నాటి ఇనప పెట్టెలో కాసేపు గలగలలాడించి, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన షీటు ఒకటి తెచ్చాడు. గ్యాస్కెట్లు కోసుకునే గట్టి షీటు. దుమ్ము దులిపి, మడిచి చూసి, "బాగానే ఉండాది. మనమే కోసుకుందాం" అన్నాడు. నేను రాత్రికి ఉండకుండా పోవడానికి ఆయన దారి చేస్తున్నాడని నాకర్థమైంది. అత్తకూ అర్థమైందనుకుంటాను. ఆమె ఇంకోసారి ఉండమనలేదు.

మానిఫోల్డ్‌ను మొహం పైకి ఉండేలా పెట్టి, దాని మీద షీటు పరిచి, చిన్న సుత్తితో అంచుల వెంబడి టకటకమని మెల్లగా కొట్టాడు మామ. కొట్టేకొద్దీ కింద ఉన్న కంతల ఆకారం షీటు మీద అచ్చుపడింది. బోల్టు రంధ్రాలను సన్నటి ఇనప గొట్టం ముక్కతో కొట్టి చిల్లులు చేశాం. ఇక అచ్చు వెంబడి కోయాలి. బ్లేడుతో కోయబోతే అంచు పీచులు లేచింది. వంటింటి కత్తెర తెస్తే అది నలిపింది గానీ కోయలేదు.

మంచి కత్తెర ఎక్కడుందో ముగ్గురికీ తెలుసు.

నేనే బండి ఎక్కాను. తాడు విప్పి, పట్ట కొంచెం ఎత్తి, మిషను సొరుగు లాగాను. దారపు ఉండలు, సుద్దముక్క, సూదుల పొట్లం. వాటి కింద మెత్తటి గుడ్డలో చుట్టి కత్తెర. పెద్దది, బరువుది, పిడికి నల్ల రంగు. ఆమె దాన్ని బట్టకు తప్ప వేరే దేనికీ వాడనిచ్చేది కాదు. ఒకసారి నేను దాంతో ఎరువు సంచి కుట్టు కోస్తే, ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. కాగితం కోస్తే పదును పోతుందని, పక్కింటి పిల్లలు వస్తే దాన్ని అటక మీద పెట్టేది. నేను దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు బండి మీదే నిలబడ్డాను. ఎవరైనా అరుస్తారేమోనని చూసినట్టు. ఏడుపు వస్తుందేమోనని కూడా చూశాను. అదీ రాలేదు. చేతిలో బరువు తెలుస్తోంది, అంతే.

దిగి మామ చేతికిచ్చాను. ఆయన గుడ్డ విప్పి, బొటనవేలితో అంచు తడిమాడు.

"దీంతో కాయితం కోస్తే ఊరుకునేది కాదప్పా" అన్నాడు.

"అవును మామా."

షీటు ఎత్తి, కత్తెర తెరిచి, అచ్చు మీద ఆనించాడు. కత్తెర కొన గీత మీద నిలవలేదు. చూపు లేక కొంత, తక్కినది దేనికో. నాకివ్వమని అడగాలి. అడగలేదు. నా చేతులూ కదల్లేదు.

గుమ్మంలో నిలబడ్డ అత్త మెట్టు దిగి వచ్చింది.

"ఇట్లియ్యి. నీకు గీత కనపడదు" అంది.

నా భార్యకు కుట్టుపని నేర్పింది ఆమే. షీటు తీసుకుని పోయి గడప మీద కూర్చుంది. వెలుతురు వైపు తిప్పి అచ్చును ఒకసారి వేలితో చుట్టూ రాసి చూసుకుంది. తర్వాత జాకెట్ మెడ కోసినట్టు, కత్తెరను కదపకుండా షీటును తిప్పుతూ, ఎక్కడా ఆగకుండా కోసుకుంటూ పోయింది. కరకరమనే ఆ శబ్దం నాకు బాగా తెలుసు. మా ముందు గదిలో రోజంతా వినబడిన శబ్దం. మామ మొహం తిప్పుకుని బోల్టులు తుడవడం మొదలుపెట్టాడు. అవి అప్పటికే తుడిచి ఉన్నాయి.

ఒక కంత మూల దగ్గర ఆమె ఆగింది. "ఈడ ఇంత సన్నగా ఉండాల్నా?" అని అడిగింది. నేను వెళ్ళి పాతదాని ముక్కతో పోల్చి చూపించాను. పాతది చినిగింది సరిగ్గా అక్కడే. "అయితే ఇంగ కొంచెం వదుల్తా" అని, కంతకు అడ్డం రాకుండా చూసుకుని, ఆ చోట కాస్త వెడల్పుగా ఉంచి కోసింది. అయిపోయాక ఎత్తి, నాలుగు కంతల్లోంచి ఆకాశం వైపు చూసి, నాకిచ్చింది. చీర కుచ్చిళ్ళ మీద పడ్డ షీటు ముక్కలు దులుపుకుంది.

దానికి రెండు వైపులా పల్చగా గ్రీసు రాసి పెట్టాం. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత మధ్యలోంచి బయటికి, ఒక్కో చుట్టు చొప్పున బిగించాను. విప్పిన వరసకు తలకిందులుగా. మామ ప్రతి బోల్టు మీదా వేలు పెట్టి చూశాడు. గొట్టాలు, క్లిప్పులు, ఫోటో చూసి ప్లగ్గులు. అత్త మళ్ళీ సబ్బునీళ్ళు కలిపి తెచ్చింది, ఈసారి ఎవరూ అడక్కముందే.

స్టార్ట్ చేశాను. తొక్కాను. ఈల లేదు. దిగి చూస్తే సబ్బునురగ బుడగ కట్టకుండా అతుకు మీద నుంచి జారిపోతోంది. మామ తల ఊపాడు. పని అయిపోయాక కూడా ముగ్గురం బానెట్ చుట్టూ నిలబడి ఆ ఇంజన్ తిరగడం వింటూ ఉన్నాం. ఆపితే తర్వాతి పని సామాను దించడమని ముగ్గురికీ తెలుసు.

చివరికి అత్తే, "సాకు, ఇంగ చాలు, ఆపు నాయనా, డీజిల్ కాలిపోతాండాది" అంది.

ట్రంకుపెట్టె దించాం. రుబ్బురోలు మామా నేనూ చెరో వైపు పట్టి దించాం. మిషను దించి ఎక్కడ పెట్టాలని అడిగితే, లోపల గదిలో పెట్టమని మామ అన్నాడు, వద్దు వరండాలో పెట్టమని అత్త అంది. వరండాలో కిటికీ కింద పెట్టాం. అత్త సొరుగు తెరిచి కత్తెర లోపల పెట్టబోయి, ఆగి, అంచు చూసింది. "మొద్దుబారింది. సిరుగుప్పలో సానబట్టిస్తాలే" అంది. అది నాతో అన్నదో, ఇంకెవరితోనో తెలియదు.

పొద్దు వాలక ముందే బయల్దేరాను. అత్త ఇంట్లోకి పోయింది, బయటికి రాలేదు. మామ బండి పక్కన వీధి చివరి దాకా నడిచి వచ్చాడు.

"షీటు గ్యాస్కెట్ ఎన్నాళ్ళు ఉంటాదో చెప్పలేమప్పా. బళ్ళారిలో కంపెనీది ఏపిచ్చుకో. పోయేటప్పుడు మిల్లు తావ తూకానికి నిలబడితే ఫోన్ చెయ్యి" అన్నాడు. ఏ మిల్లు, ఏ తూకం అని నేను అడగలేదు. ఏదో ఒకటి చెప్పాలి కదా ఆయన కూడా. కిటికీ మీద చెయ్యి ఒకసారి తట్టి ఆగిపోయాడు.

దారిలో వంతెన రెండో గేరులోనే ఎక్కింది. సంతోషం అనలేను. చెవుల్లో ఈల లేకపోయేసరికి కాలువ నీళ్ళు, పొలాల్లో కొంగలు వినబడ్డాయి. సిరుగుప్ప దాటాక ఒక మిల్లు నుంచి ఫోన్ వచ్చింది, రేపు పొద్దున హచ్చొళ్ళి నుంచి వడ్లు తేవాలి, వస్తావా అని. వస్తానన్నాను. ఎన్ని గంటలకని నేనే ఎదురు అడిగాను. అలా అడిగి చాలా రోజులైంది.

బళ్ళారిలో కంపెనీ గ్యాస్కెట్ కొని బండిలో పెట్టుకున్నాను గానీ, వేయించడం వాయిదా పడుతూ వచ్చింది. అత్త కోసింది రెండు పంటలు నిలిచింది. ఆ తర్వాత వేరే పనికి ఇంజన్ విప్పినప్పుడు మెకానిక్ దాన్ని తీసి, ఇది ఎవరు కోశారని అడిగాడు. మా అత్త అన్నాను. అతను నవ్వాడు, నేను వేళాకోళం చేస్తున్నాననుకుని. నేను కూడా కొంచెం నవ్వాను.

హచ్చొళ్ళి వైపు లోడు ఉన్నప్పుడల్లా ఇప్పుడు కెంచనగుడ్డకు పోయి అన్నం తిని వస్తాను. మామ కంటికి ఆపరేషన్ చేయించాం. అత్త వరండాలో మిషను మీద ఊళ్ళో ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతోంది. మొదట్లో ఊరికే కూర్చోలేక అంది, ఇప్పుడు తీరిక లేదంటోంది. ఆ గదిలో నేను ఇంకా పడుకోలేదు. వాళ్ళూ అడగరు.

ఏడుపు మాత్రం ఆ రోజు కాదు, ఆ సామాను దించినప్పుడూ కాదు, తర్వాత ఎప్పుడో వచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నం, లోడు తూచే వేబ్రిడ్జి దగ్గర లారీల వెనక వరసలో ఉన్నాను. ఏమీ గుర్తు రాలేదు, ఎవరూ ఏమీ అనలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి అలాగే ఏడ్చాను, వెక్కిళ్ళు వచ్చేదాకా. పక్క లారీ డ్రైవర్ చూసి, తన క్యాబిన్‌లోంచి వంగి నీళ్ళ బాటిల్ అందించాడు. తాగి తిరిగిచ్చాను. ముందున్న లారీ కదిలింది. వేబ్రిడ్జి వాడు కిటికీలోంచి చెయ్యి ఊపి, "రాప్పా, ముందుకు రా" అన్నాడు. బండి మెల్లగా పోనిచ్చి పలక మీద ఎక్కించాను.